ముధోల్ వేటకుక్క - దాని తీరు, పోషణ

పాడిగేదె గురించీ, దుక్కిటెద్దు గురించీ, కోళ్ళ గురించీ మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. కుక్క గురించి చెప్పుకోవడం తక్కువ. ఇంటిముందు పడివుండే జంతువేగా, నాలుగు మెతుకులు వేస్తే అదే బతుకుతుందని మన ధీమా. వూరకుక్క విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుందేమోగాని, డబ్బుపోసి తెచ్చుకున్న జాతికుక్క విషయంలో బొత్తిగా చెల్లదు.

తోట కాపలాకనో, మంద కాపలాకనో, సరదాకనో ముధోల్ కుక్కను తెచ్చుకునేవాళ్ళు ఇప్పుడు మన పల్లెల్లోనూ వున్నారు. తెచ్చేటప్పుడు వుండే వుత్సాహం తర్వాత వుండదు. ఆరునెలలు తిరిగేసరికి ఆ కుక్క గేటు దగ్గర గొలుసుకు కట్టేసి వుంటుంది, లేదా తెగ తిని గుమ్మడికాయలా తయారై వుంటుంది. రెండూ దానికి కీడే. ఈ కుక్క పరుగు కోసం పుట్టింది. దాని ఎముక, కండ, చూపు, గుణం అన్నీ పరుగుకోసమే. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దాని తిండి, పడక, కాపలా, వైద్యం అన్నీ ఎలా వుండాలో తేలిగ్గా బోధపడుతుంది.

ముధోల్ అనగానే మన నిర్మల్ జిల్లాలోని ముధోల్ అనుకునేరు. అది కాదు. కర్ణాటకలో బాగల్‌కోట జిల్లాలో, ఘటప్రభ నది ప్రాంతంలో ముధోల్ అనే పట్టణం వుంది. 1948 దాకా అదొక చిన్న సంస్థానం. ఘోర్పడే వంశంవారు ఏలేవారు. దక్కను పీఠభూమిలో, అటు మహారాష్ట్ర పల్లెల్లోనూ ఇటు కన్నడ పల్లెల్లోనూ, ఈ తరహా కుక్కలు ఎంతోకాలంగా వున్నాయి. వాటిని అక్కడివాళ్ళు కార్వానీ అంటారు. బిడారులతో, గుర్రపు దళాలతో పడమటి దేశాల నుంచి వచ్చిన వేటకుక్కల సంతతి ఇవని పెద్దల మాట. చెదిరిపోతున్న ఈ జాతిని చేరదీసి, మంచి జంటలను ఏరి పెంచినవాడు ముధోల్ రాజు మాలోజీరావు ఘోర్పడే. ఆయన ఇంగ్లండు రాజు ఐదవ జార్జికి ఒక జంటను కానుకగా ఇచ్చాడనీ, అప్పటినుంచే ముధోల్ కుక్క అన్న పేరు స్థిరపడిందనీ చెబుతారు.

2005లో మన తపాలాశాఖవారు నాలుగు స్వదేశీ కుక్కజాతుల మీద బిళ్ళలు వేశారు. వాటిలో ఇదొకటి. తమిళనాడులో తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయం పేరుమీద వున్న కుక్కకూ అప్పుడే బిళ్ళ వచ్చింది. 2020లో కేంద్ర వ్యవసాయ పరిశోధనా మండలివారి జన్యువనరుల సంస్థ మొదటిసారిగా కుక్కజాతులను కూడా పశుజాతుల పట్టికలోకి ఎక్కించినప్పుడు రాజపాళయం, చిప్పిపారైలతోపాటు ముధోల్‌కు చోటు దొరికింది. సైన్యంవారు 2016లో కొన్ని పిల్లలను మీరట్‌కు తీసుకుపోయి శిక్షణ ఇచ్చారు. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయంవారి పరిశోధనా కేంద్రం ఒకటి ఈ జాతికోసమే పనిచేస్తున్నది.

ఇక దాని రూపు చూద్దాం. మగది నేలనుంచి భుజందాకా సుమారు 68 నుంచి 72 సెంటీమీటర్లు, అంటే రమారమి 27, 28 అంగుళాలు వుంటుంది. ఆడది 64 నుంచి 68. అంత ఎత్తు కుక్క తూగేది 20 నుంచి 28 కిలోలు మాత్రమే. తల సన్నగా పొడుగ్గా వుంటుంది. చెవులు చిన్నగా, తలకు అంటుకుని వేలాడుతుంటాయి. కళ్ళు పెద్దవి. మెడ పొడుగు. రొమ్ము లోతుగా మోచేతులదాకా దిగివుంటుంది, అక్కడినుంచి కడుపు ఒక్కసారిగా పైకి లాక్కుపోయి వుంటుంది. వెన్ను విల్లులా వంగుతుంది. తోక పొడుగ్గా, చివరికి సన్నబడుతూ వుంటుంది. వెంట్రుక పొట్టి, నున్నన. రంగులు చాలా వున్నాయి: గోధుమవన్నె, ఎరుపు, నలుపు, బూడిదరంగు, తెల్లమచ్చలవి. రంగునుబట్టి ధర చెప్పేవాళ్ళను నమ్మకండి. పరుగుకు రంగుతో పనిలేదు.

ఈ అవయవాల్లో ఒక్కటీ వుత్తినే లేదు. లోతైన రొమ్ములో పెద్ద గుండె, పెద్ద వూపిరితిత్తులు. పైకి లాగిన కడుపు వుండబట్టే వెనుకకాళ్ళు ముందుకాళ్ళను దాటుకుని ముందుకు రాగలుగుతాయి. పూర్తి వేగంలో వున్నప్పుడు ఒక్కొక్క అంగలో దాని నాలుగు కాళ్ళూ రెండుసార్లు నేలను వదిలేస్తాయి. కాళ్ళన్నీ కడుపుకింద ముడుచుకున్నప్పుడు ఒకసారి, బారుగా చాచినప్పుడు ఇంకొకసారి. తోక పడవకు చుక్కానిలాంటిది, మలుపు తిరిగేటప్పుడు ఆపు ఇస్తుంది. వాసన పట్టి పోయే కుక్కలు వేరు, ఇది చూపుతో వేటాడే కుక్క. దూరాన చేలో ఏదైనా కదిలితే చాలు, మనకు కనబడకముందే దానికి కనబడుతుంది. ఆపైన మీరు ఎంత పిలిచినా దాని చెవిన పడదు. ఇది పొగరు కాదు, పుట్టుక.

ముధోల్ కుక్కను కొత్తగా తెచ్చుకున్నవాళ్ళు పశువైద్యుణ్ణి మొట్టమొదట అడిగేది ఏమిటో తెలుసా? "డాక్టరుగారూ, ఎంత పెట్టినా వొళ్ళు చేయడం లేదు, పక్కటెముకలు కనబడుతున్నాయి, బలానికి మందు రాయండి" అని. వొళ్ళు చేయకపోవడమే దాని ఆరోగ్యం. చివరి రెండు మూడు పక్కటెముకలూ, తుంటి ఎముకల మొనలూ లీలగా కనబడాలి. అయితే నిజంగా చిక్కిపోయిన కుక్కను పోల్చుకోవడం ఎలా? చేత్తో తడిమి చూడండి. వెనుకతొడలు, వీపుకు రెండువైపులా వున్న కండ గట్టిగా నిండుగా వుంటే ఎముకలు కనబడినా ఫరవాలేదు. తొడలు జారిపోయి, వెన్నుపూసలు రంపపు పళ్ళలా చేతికి తగులుతూ, వెంట్రుక బిరుసెక్కి, కళ్ళు నీరసంగా వుంటే అది చిక్కిపోవడం. నూటికి తొంభైపాళ్ళు పురుగులో, పిడుదుల జ్వరమో కారణమై వుంటుంది. అంతేగాని, కండ గట్టిగా వున్న కుక్కకు నెయ్యి అన్నం పోసి పెంచితే ఆ సన్నని కాళ్ళమీద అదనపు బరువు పడుతుంది. కీళ్ళు పోతాయి. ఎండలో ఆయాసం తట్టుకోలేదు.

తిండి విషయానికొస్తే, ముధోల్ ప్రాంతపు రైతులు దానికి పెట్టేది జొన్నరొట్టె, మొక్కజొన్న, పప్పు, పాలు, కాస్త గుడ్డు. మన రాయలసీమలోనూ తెలంగాణలోనూ అయితే జొన్నసంకటో రాగిసంకటో పెట్టవచ్చు. కాని వుత్త సంకటితో కుక్కకు సరిపోదు. అది మాంసాహారి, కండ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి. రొట్టెను పప్పుకట్టులోనో మజ్జిగలోనో నానబెట్టి, రోజుకొక వుడికిన గుడ్డు, వీలైనప్పుడు వుడికించిన మాంసం కలిపి పెట్టండి. పాలు పడని కుక్కలు చాలా వుంటాయి, విరేచనాలు పట్టుకుంటే పాలు మాని పెరుగో మజ్జిగో పోయండి. కూనలకు మూడునెలలదాకా రోజుకు నాలుగుసార్లు, ఆరునెలలదాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుపూటలా పెట్టాలి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో వుండాలి. వుడికిన ఎముకలు వేయకండి, అవి చీలికలై పేగులో గుచ్చుకుంటాయి. వుల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెట్ కుక్కకు విషంతో సమానం. కూరా అన్నం మిగిలిందని తిరగమోత, వుల్లిపాయలతో సహా పళ్ళెంలో గుమ్మరించే ఇల్లాళ్ళు ఈ సంగతి గమనించాలి.

తిన్న వెంటనే పరుగెత్తనీయకండి. రొమ్ము లోతైన కుక్కల్లో నిండు కడుపు మెలిపడే ప్రమాదం వుంది. కడుపు వుబ్బి, వాంతి వచ్చినట్టు చేస్తూ ఏమీ పడకపోతే, ఒకచోట నిలవక అల్లాడుతుంటే, తెల్లవారనివ్వండి చూద్దాం అనకండి. గంటల్లో ప్రాణం పోతుంది. పరుగుకూ తిండికీ మధ్య గంటో గంటన్నరో ఎడం వుంచితే మంచిది.

పరుగు అన్నాను గనక అదీ చెబుతాను. పొద్దున్నే ఎండ ఎక్కకముందు, మళ్ళీ సాయంత్రం, కంచె వున్న తోటలోనో, పంట ఎత్తిన చేలోనో దాన్ని విడిచిపెట్టండి. పావుగంట, అరగంట తన ఇష్టంగా పరుగెత్తితే మిగతా పొద్దంతా మంచంకింద ముడుచుకుని పడుకుంటుంది. ఈ కుక్క సహజంగా గడబిడ చేసేది కాదు. రోజల్లా గొలుసున వున్నదే మొరటుగా తయారవుతుంది, గొలుసు కొరుకుతుంది, దారినపోయే పిల్లల మీదికి దూకుతుంది. తప్పు కుక్కది కాదు. మోటారుసైకిలుకు కట్టి పరుగెత్తించే వేడుక ఒకటి బయల్దేరింది. అది కూడదు. ఏడాది, ఏడాదిన్నర నిండేదాకా ఎముకల కొసలు లేతగా వుంటాయి, బలవంతపు పరుగుతో కాళ్ళు వంకర పోతాయి. పెద్ద కుక్కకైనా తారురోడ్డు మీద అరికాళ్ళు కాలిపోతాయి.

వేసవిలో మధ్యాహ్నం దాన్ని బయటికి తీయకండి. కుక్కకు మనలా వొళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దానికి చల్లబడే దారి. వడదెబ్బ తగిలితే నోటినుంచి చొంగ కారుతూ, చిగుళ్ళు ఎర్రబడి తూలుతుంది. నీడకు చేర్చి వొంటినిండా మామూలు నీళ్ళు పోసి, విసురుతూ ఆస్పత్రికి తీసుకుపోండి. చలికాలం దీనికి ఇంకో కష్టం. చర్మంకింద కొవ్వు లేదు, వెంట్రుక పలచన. రాత్రిపూట గోనెపట్టా మీద వరిగడ్డి పరిచి గాలి తగలనిచోట పడుకోబెట్టండి. వుత్త బండలమీద పడుకుంటే మోచేతులు వొరుసుకుని పుళ్ళు పడతాయి.

దీని గుణం గురించి రెండు మాటలు. ఇంటివాళ్ళతో ప్రేమగా వుంటుంది, కాని కొత్తవాళ్ళు చేయి వేస్తే ఇష్టపడదు. కొట్టి నేర్పుదామంటే లొంగదు, బెదిరి మూల నక్కుతుంది. కూనగా వున్నప్పుడే నలుగురికీ అలవాటు చేయాలి. కోళ్ళనూ మేకపిల్లలనూ దూడలనూ మొదటినుంచీ చూపిస్తూ, వాటిమీదికి పోతే గద్దిస్తూ, తనవాళ్ళేనని మప్పాలి. పెద్దయ్యాక తెచ్చి కోళ్ళగూటి దగ్గర విడిచి, కోడిని చంపిందని దుడ్డుకర్ర తీసినందువల్ల లాభం లేదు.

వేటకుక్క కదా, వేటకే తీసుకుపోతే పోలా అనే కుర్రవాళ్ళున్నారు. నాయనా, ఆ రోజులు పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలునుగాని, జింకనుగాని, కొండగొర్రెనుగాని వేటాడటం నేరం. తుపాకీతో కాల్చితేనే వేట అనుకోవద్దు. కుక్కను వుసిగొల్పి తరమడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. జంతువు తప్పించుకుపోయినా సరే, నేరం నేరమే. అడవిపంది పంటను పాడుచేస్తున్నదంటే అటవీశాఖకు అర్జీ పెట్టుకోవలసిందే. పందిమీదికి ఈ సన్నకుక్కను తోలితే కోరతో దాని కడుపు చీల్చేస్తుంది కూడాను. చేనుగట్టు మీద తిరుగుతూ కోతులనూ పందులనూ అలికిడిచేసి కనిపెట్టే కాపలాగా వాడుకోండి, అది చాలు.

కూనను కొనేటప్పుడు కూనను చూసి మోసపోవద్దు. రెండునెలల వయసులో ఏ కుక్కపిల్లయినా ముద్దుగానే వుంటుంది, ముధోలుకూ నాటుదానికీ తేడా తెలియదు. తల్లిని చూపించమనండి, వీలైతే తండ్రినీ. తల్లి డొక్కలు, కళ్ళు, చర్మం చూడండి. బయటిజాతి గ్రేహౌండుతో కలిపి పుట్టించిన పిల్లలను ముధోల్ అని అమ్మేవాళ్ళున్నారు. ఎత్తు కాస్త పెరగవచ్చుగాని, మన ఎండకూ మన తిండికీ తట్టుకునే ఆ పాత రక్తం పలచబడిపోతుంది. 2017లో వచ్చిన కుక్కల పెంపక నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మకానికి పెంచేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలి దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. నాలుగు డబ్బులు వస్తాయని ఆడకుక్కను తెచ్చి పిల్లలు తీద్దామనుకునే రైతులు ఇది ముందే తెలుసుకోవాలి. ఏడాదిన్నర నిండనిదే ఆడదాన్ని కట్టించరాదు, ఎనిమిదేళ్ళు దాటాక కట్టించరాదు, ఏడాదికి ఒక ఈతకు మించరాదు. చూలు సుమారు 63 రోజులు. అన్నా చెల్లెళ్ళను కలపకండి. ఏ పిల్ల ఏ జంటకు పుట్టిందో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. ఇంతకుమించి ఈ వ్యాపారంలో రహస్యం లేదు, అందరూ చెప్పుకునేంత లాభమూ లేదని నా అభిప్రాయం.

గొర్రెల కాపరులు ముఖ్యంగా వినవలసిన సంగతి ఒకటుంది. మందలో గొర్రె తల పక్కకు వేసి, గిరగిర తిరిగి తిరిగి కూలబడి చస్తుంది చూశారా? దాని మెదడులో నీటితిత్తి వుంటుంది. ఆ తిత్తి అక్కడికి ఎలా వచ్చింది? కుక్కవల్ల. చచ్చిన గొర్రె తలకాయను మనం కుక్కకు పడేస్తాం. తిత్తిలోని పిల్లపురుగులు కుక్కపేగులో బద్దెపురుగులై పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటలో పడి గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మళ్ళీ తిత్తి. కుక్క మాత్రం నిక్షేపంగా వుంటుంది, అంచేత దానిమీద మనకు అనుమానమే రాదు. ఇలాంటిదే ఇంకొకటి గొర్రె కాలేయంలో, వూపిరితిత్తుల్లో తిత్తులు కడుతుంది. కుక్కను నిమిరిన చేయి కడుక్కోకుండా అన్నం తింటే మనుషులకూ వస్తుంది, ఆపరేషను దాకా పోతుంది. కాబట్టి చచ్చిన గొర్రె తల, కాలేయం, వూపిరితిత్తులు పచ్చిగా కుక్కకు వేయవద్దు. లోతుగా పూడ్చండి, లేదా తగలబెట్టండి. మూడునెలలకొకసారి బద్దెపురుగులకు పనిచేసే మందు పశువైద్యుణ్ణి అడిగి పట్టించండి. మందు పట్టించిన రెండు మూడు రోజులూ కుక్క పెంటను ఎత్తి పూడ్చిపెట్టండి. మీ కుక్కకు వేసిన మందు మీ మందకు వేసినట్టే. గ్రామాల్లో గొర్రెలకు నట్టల మందు పోసే సిబ్బంది ఆ రోజునే మందవెంట వుండే కుక్కల సంగతి కూడా అడిగి చూస్తే ఎంతో మేలు. కూనలకైతే రెండువారాల వయసునుంచే పురుగులమందు మొదలుపెట్టాలి.

పిడుదుల సంగతి. చెవుల్లో, వేళ్ళసందుల్లో, మెడపట్టీ కింద రోజూ వెదికి తీసేయండి. పిడుదులు కుట్టడంవల్ల జ్వరం వస్తుంది. తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కువెంట రక్తం పడుతుంది. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది, వేళకు మందు పడితే బతుకుతుంది. కాని పిడుదులు పోతాయని పత్తిచేలో కొట్టే పురుగుమందును నీళ్ళలో కలిపి కుక్కకు పూసేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కుక్క వొళ్ళు నాకుతుంది. చర్మం పలచన, కొవ్వులేని శరీరం, మందు నేరుగా ఒంటికి పడుతుంది. కళ్ళముందే నురుగు కక్కి, వణికి చస్తుంది. పశువులకోసం తయారైన పిడుదుల మందులున్నాయి. కుక్క బరువుచెప్పి ఆస్పత్రిలో అడిగి తెచ్చుకోండి. ఇంకోమాట. ఎప్పుడైనా ఆపరేషనుకు మత్తు ఇవ్వవలసి వస్తే, ఇది వేటజాతి కుక్క అని డాక్టరుకు గుర్తుచేయండి. కొన్ని మత్తుమందులు కొవ్వులేని ఇలాంటి కుక్కల్లో తొందరగా దిగవు.

చివరగా టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ రోగాలకు మొదటి టీకా వేయించి, మూడు నాలుగు వారాలకొకసారి నాలుగునెలల వయసుదాకా మళ్ళీ వేయించాలి. పార్వో వచ్చిన కూన రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోవచ్చు. మూడునెలలు నిండగానే పిచ్చికుక్క రోగానికి, అంటే రేబిస్‌కు టీకా వేయించాలి. డాక్టరు చెప్పిన గడువుకు రెండోది, ఆపైన ఏటేటా తప్పకుండా వేయించాలి. మా కుక్క ఇల్లు కదలదు, దానికెందుకు అనకండి. ముధోల్ కుక్క కంచె దూకి చేలవెంట పోయేది. ఎక్కడ ఏ నక్కతోనో వూరకుక్కతోనో కలబడిందో మీకు తెలియదు. లక్షణాలు బయటపడ్డాక ఈ రోగానికి మందు లేదు, కుక్కకూ లేదు, మనిషికీ లేదు.

ఎవరికైనా కుక్క కరిచినా, గీరినా ముందు చేయవలసింది గాయాన్ని సబ్బుపెట్టి ధారగా పారే నీళ్ళకింద పావుగంటసేపు కడగడం. కారం, సున్నం, పసరు ఏవీ పూయవద్దు. కట్టు కట్టవద్దు. ఆ తర్వాత నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. సూదులు అక్కడ వుచితం. డాక్టరు చెప్పిన రోజులకు అన్ని సూదులూ వేయించుకోవాలి, రెండు వేయించుకుని నొప్పి తగ్గిందని మానేస్తే కుదరదు. కరిచింది మీ కుక్కే అయితే దాన్ని చంపకండి, తరిమేయకండి. కట్టేసి పదిరోజులు కనిపెట్టి చూడండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అంతదాకా సూది ఆపవద్దు.

1885లో పాశ్చర్ పండితుడు మొట్టమొదటిసారి ఒక కుర్రవాడికి రేబిస్ టీకా వేసిన రోజు జూలై 6. ఏటా ఆ తేదీన పశువుల ఆస్పత్రుల్లో కుక్కలకు ఈ టీకా వుచితంగా వేస్తారు. గొలుసు గట్టిదో కాదో చూసుకుని, మూతికి మెత్తని గుడ్డ కట్టి, పొద్దున్నే చల్లగా వుండగా తీసుకుపోండి. ఎండెక్కాక ఆస్పత్రి వాకిట్లో గుంపుమధ్య నిలబెడితే ఇది బెదురుతుంది. టీకా వేసిన కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి, వచ్చే సంవత్సరం మళ్ళీ కావాలి.